మిరప బస్తాలూ, మా ఆయన వెల్డింగు పెట్టే

పల్నాడు వెళ్తున్నామని చెబితే మా రాజమండ్రి వీధిలో అందరూ ఒకటే ప్రశ్న అడిగారు: "అక్కడేం ఉందండీ?" ఎండ ఉంది, రాయి ఉంది, మిరపకాయ ఉంది అని చెప్పాను. వెళ్లొచ్చాక చూస్తే నా జవాబు తప్పు కాదు గానీ సగమే. మిగతా సగం కోసం ఇది రాస్తున్నాను.

ముందు బండి సంగతి. మా ఆయనకి ఎలక్ట్రికల్ సామాన్ల దుకాణం. ఆదివారాలు మాత్రం పాత జీపు. రోడ్డు లేనిచోట బండి నడపడంలో ఏదో ఆనందం ఉందని నమ్మే మగవాళ్లు కొందరుంటారు. ఆ రోడ్డు వేయించుకోవడానికి ఆ ఊరివాళ్లు ఎన్ని అర్జీలు పెట్టుకున్నారో వీళ్లకి పట్టదు. ఆ గుంపులో ఎవరో చెప్పారట, అడవిలో బండి విరిగితే కరెంటు దొరకదు, అతికేవాడూ దొరకడు, కాబట్టి బ్యాటరీతో నడిచే వెల్డింగు మిషను వెంట ఉంచుకోవాలని. ఈయన వెంటనే కొన్నారు. చూడ్డానికి కుట్టుమిషను పెట్టెంత ఉంటుంది. ఇంట్లో ప్లగ్గుకి పెట్టి ఛార్జింగు చేసుకోవడం, అవసరమైన చోట ఎర్తు పట్టకారుని ఇనుముకి కరిపించి, రెండో పట్టకారుకి కడ్డీ తగిలించి అతకడం. దాని ధరకి మా పడగ్గదికి ఏసీ వచ్చేది. ఈ మాట నేను చిలకలూరిపేట దాటేలోపు ఎన్నిసార్లు అన్నానో లెక్కపెట్టలేదు. ఆయన పెట్టే ఉంటారు.

నాకు కావలసింది ఎత్తిపోతల, నాగార్జునసాగరం. ఆయనకి కావలసింది మాచర్ల చుట్టుపక్కల అడవి అంచు దారులు. ముప్పై ఏళ్ల కాపురంలో నేర్చుకున్న పద్ధతి ప్రకారం, ఇద్దరం కలిసి బయల్దేరి ఎవరి యాత్ర వాళ్లు చేశాం.

నరసరావుపేట

మొదటి రాత్రి మా ఆయనకి వ్యాపారంలో తెలిసిన ఇనుప సామాన్ల షాపు శేషయ్యగారింట్లో దిగాం. మా వైపు "భోంచేసి వెళ్లండి" అని మూడుసార్లు అనడం మర్యాద. మూడోసారికి ఒప్పుకోవాలో మానాలో మనమే గొంతునిబట్టి తెలుసుకోవాలి. ఇక్కడ శేషయ్యగారి భార్య ఏమీ అడగలేదు. "కాళ్లు కడుక్కో అక్కయ్యా" అని చెంబు ఇచ్చింది, వచ్చేసరికి విస్తరి వేసి ఉంది.

గోంగూర ఇంట్లో నేనూ చేస్తాను. కానీ ఆ రాత్రి తిన్నది గోంగూర అయితే నేను ఇన్నాళ్లూ చేసింది ఏదో పుల్లటి ఆకుకూర. మొదటి ముద్దకే కళ్లలో నీళ్లు తిరిగాయి.

"కారమా?" అందావిడ, ఆశ్చర్యపోతూ. "పిల్లలు తింటారని తగ్గించానే."

"మీ పిల్లల్ని ఒకసారి మా ఊరు పంపండి, మా డాక్టర్లకి చూపిస్తాను" అన్నాను. ఆవిడ నవ్వి ఇంకో గరిటె నెయ్యి వేసింది.

పొద్దున్నే శేషయ్యగారి షాపు షట్టరు గొళ్లెం ఊడి ఉందని మా ఆయన కనిపెట్టారు. నిజానికి ఆయన షట్టర్లూ గేట్లూ వెతుక్కుంటూ తిరుగుతున్నారు. పెట్టె తెరిచారు, నల్లముసుగు తగిలించారు, అతికారు. బజారులో సగంమంది గుమిగూడారు. "వైరేదీ?" అని ఒకాయన మిషను చుట్టూ తిరిగి వెతికాడు. శేషయ్యగారు పొంగిపోయి కొత్త వెల్డింగు కడ్డీల పెట్టె ఒకటి చేతిలో పెట్టారు. ఈయన దాన్ని జీపు వెనక నీళ్ల క్యాను పక్కన సర్దారు. ఆ క్యాను మూత సరిగ్గా పట్టదని నాకు తెలుసు, ఆయనకీ తెలుసు.

గురజాల

గురజాల దారంతా రెండు పక్కలా ఎరుపే. చేలల్లో కళ్లాలు, అంటే మిరపకాయలు ఎండబోసే చదును నేలలు, ఎర్ర దుప్పట్లు పరిచినట్టున్నాయి. ఒకచోట ఫోటో కోసం దిగి ఒక కళ్లంలోకి నడిచాను. ఎక్కడినుంచో ఒక ఆడగొంతు: "ఓయమ్మా, చెప్పులిప్పు. అది కళ్లమా, బస్టాండా?" ఇప్పాను. ఆ మిరపకాయల మధ్య ఉత్తకాళ్లతో నాలుగడుగులు వేసినందుకు సాయంత్రం దాకా వేళ్ల సందులు మండుతూనే ఉన్నాయి. మా వైపు ధాన్యం కళ్లంలోనూ చెప్పులు వేసుకోరు, కానీ వడ్లు మనిషి మీద కక్ష తీర్చుకోవు.

గురజాలలో బస్టాండు దగ్గర తోపుడుబండి మీద ఇడ్లీ తిన్నాం. ప్లేటు ముప్పై, చట్నీ ఎంతైనా వేస్తుంది. ఆ బండి నడిపేది నా ఈడు ఆడమనిషి. బండి చక్రం ఇరుసు దగ్గర వాలిపోయి ఉంది. ఇంకేముంది, మళ్లీ పెట్టె తెరిచారు.

"ఏవండీ, ఆ ఛార్జింగు మన జీపుకి కావాలి" అన్నాను.

"రాత్రికి లాడ్జీలో పెట్టుకుంటాంలే, నువ్వు ఊరుకో."

ఆ ఇడ్లీ ఆవిడ నా వైపు చూసి, "ఏందక్కా, మీయాయన పని చేస్తంటే తిడతన్నావు, చెయ్యకపోతే ఏం చేస్తావు?" అంది.

"అప్పుడూ తిడతాను" అన్నాను. ఆవిడ ఒప్పుకుంది, అదే న్యాయమని.

ఆ రాత్రి గాలి లేచింది. కరెంటు పోయింది. లాడ్జీ గుమస్తా "వచ్చిద్దిలెండి" అని కొవ్వొత్తి ఇచ్చి వెళ్లాడు. పొద్దునదాకా రాలేదు. మిషను మీద ఛార్జింగు చూపే గీతలు నాలుగుండాలి, రెండు మిగిలాయి. నేను ఒక్క మాట కూడా అనలేదు. ఆయనకి అదే ఎక్కువ బాధ కలిగించిందని తర్వాత చెప్పారు.

వాగు ఒడ్డు

మూడో రోజు మాచర్ల వెళ్లే రోడ్డు వదిలి మట్టిదారి పట్టాం. రాళ్లు, తుమ్మలు, మధ్యమధ్య మిరప చేలు. దూరంగా నల్లమల కొండల మీద మబ్బు పట్టి ఉంది. మిరప కోతల కాలంలో మబ్బుని చూసి ఇక్కడ ఎవరూ ఆనందించరు.

ఒక చిన్న పల్లె చివర, ఎండిన వాగు ఒడ్డున, జీపు కింద టకటకమని మోత మొదలైంది. మా ఆయన బండి కింద దూరి చూసి మొహం వేలాడేసుకుని వచ్చారు. వెనక స్ప్రింగుపట్టీని బండి అడుగుకి పట్టి ఉంచే ఇనుప బిళ్ల పగిలింది. అలాగే నడిపితే రాయి మీద ఎక్కడో ఇరుసు జారిపోతుంది.

"దీనికోసమే కదా కొన్నాను" అంటూ పెట్టె దించారు. కడ్డీల పెట్టె తెరిస్తే నీళ్లు కారాయి. ఆ నీళ్ల క్యాను పని. తడిసిన కడ్డీతో అతుకు పడదు, దాని పైపూత చిటపటలాడి రాలిపోతుంది. ఆరబెట్టాలి, అది కూడా వేడి మీద.

పక్కనే ఒక ఇల్లు. గోడ మీద శిలువ బొమ్మ, ముందు పంచలో పొయ్యి, ఒక ముసలావిడ జొన్నరొట్టెలు తట్టి పెనం మీద వేస్తోంది. నేను వెళ్లి సంగతి చెప్పి, పెనం కాసేపు ఇస్తారా అని అడిగాను.

ఆవిడ నా చేతిలోని కడ్డీల్ని చూసింది, నన్ను చూసింది. "ఏందమ్మా, మీ వైపు ఇయి కూడా ఏపుకు తింటారా?"

"మా వైపు బెల్లం వేసి వండుతాం" అన్నాను.

నవ్వింది. రొట్టె తీసి పక్కన పెట్టి, వేరే పాత పెనం తెచ్చి పొయ్యి మీద వేసింది. రొట్టెలు చేసే పెనం మీద ఇనుము పెట్టనివ్వదట, అంతమాత్రం నియమం ఆవిడకి ఉంది. కడ్డీల్ని పేర్చి, రొట్టెల్లాగే అటూ ఇటూ తిప్పుతూ కాల్చింది. "మా కోడలు కరుణమ్మ మిరక్కాయలు ఎత్తించుకొస్తంది. రొట్టెలు ఆళ్లకే. మీరూ రెండు తినండి" అంది.

కడ్డీలు ఆరాయి. మా ఆయన మళ్లీ జీపు కింద దూరబోతుండగా వాగులోంచి పెద్ద చప్పుడు, ఆ వెనకే అరుపులు.

వాగులో

పరుగెత్తి చూశాం. అవతలి ఒడ్డు చేలనుంచి మిరప బస్తాలు వేసుకుని ట్రాక్టరు వాగు దాటుతోంది. ఇవతలి ఒడ్డు ఎక్కేచోట ట్రాక్టరుకీ వెనక ట్రక్కుకీ మధ్య ఉండే ఇనుప కొక్కెం విరిగింది. ట్రాక్టరు ముందుకి దూకింది, నిండు ట్రక్కు వెనక్కి జారి వాగు మధ్య ఇసుకలో కూరుకుపోయింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు.

ట్రక్కు పక్కన చీర నడుముకి బిగించిన మనిషి, నలభై ఏళ్లుంటాయి, నిలబడి కొండల వైపు చూస్తోంది. ఆమే కరుణమ్మ. భర్త పోయాక కౌలుకి చేను తీసుకుని పండించుకుంటోందని వెనకనుంచి ముసలావిడ చెప్పింది. ఏడాది పంటంతా ఆ ట్రక్కులోనే ఉంది. కొండ మీద వాన ఎప్పుడో మొదలైంది. అక్కడ పడిన నీళ్లు ఈ వాగులోకే దిగుతాయి. ఇక్కడ చినుకు పడకపోయినా వాగు వచ్చేస్తుంది. మిరపకాయ తడిస్తే తెల్లబడుతుంది, తెల్లబడిన కాయని అడిగే నాథుడుండడు.

ట్రాక్టరు కోటయ్యది, అద్దెకి తోలుతాడు. తాడు కట్టి లాగాడు, తెగింది. ఇంకో ట్రాక్టరుకి ఫోన్ చేశాడు, మాచర్లలో ఉందన్నారు. ఊళ్లో వెల్డింగు షాపు ఉంది గానీ రాత్రినుంచీ కరెంటు లేదు.

"కోటన్నా, దించేద్దాం, మోద్దాం" అంది కరుణమ్మ.

"ఉన్నది మనిద్దరం, ఎన్ని మోస్తామమ్మాయ్? ఇయి టిక్కీలు, దూదిపరుపులు కాదు." ఇక్కడ మిరప బస్తాని టిక్కీ అంటారు. ఒక్కోటి ఒక మనిషి వీపు వంచేంత బరువు.

మా ఆయన నా వైపు చూశారు. ఆ చూపు నాకు తెలుసు. పెట్టెలో ఉన్నది రెండు గీతల ఛార్జింగు. అది జీపుకైనా సరిపోవాలి, ఈ కొక్కేనికైనా సరిపోవాలి. రెంటికీ చాలదు. జీపు అతక్కపోతే ఈ రాళ్లదారిలో మేం కదలలేం, సాగరమూ లేదు, ఎత్తిపోతలా లేదు.

"ఎందుకలా చూస్తారు?" అన్నాను. "అడ్డమైన షట్టర్లన్నీ అతికారు కదా. పదండి, కొక్కెం."

ఆయన పెట్టె ఎత్తుకుని ఇసుకలోకి దిగారు.

కొక్కేనికి రెండు పక్కలా దన్నుగా ఇనుప బద్దలు వేస్తే తప్ప నిలవదన్నారు. కోటయ్య ఆలోచించకుండా ట్రక్కు వెనక తలుపు బద్ద ఊడబెరికి తెచ్చాడు. "తలుపుకి తాడు కట్టుకుంటా. కానీండి సారూ." ఆ తొందరలోనే జేబులోంచి నిమ్మకాయ తీసి టైరు కింద పెట్టాడు. కరుణమ్మ అప్పటికే కళ్లు మూసుకుని ప్రార్థన చేస్తోంది. నేను జీపులోంచి రబ్బరు పట్టా తెచ్చి మా ఆయన కాళ్ల కింద వేశాను. ఇసుక అప్పటికే చెమ్మగా ఉంది. ఎవరి నమ్మకం వాళ్లది.

అప్పుడు ఒడ్డు మీద మిరప కోత నుంచి తిరిగి వెళ్తున్న ఆడకూలీల ఆటో ఆగింది. ఎవరూ పిలవలేదు. అందరూ దిగి కొంగులు బిగించారు. మిరప బండి ఆగిపోయి ఉంటే దారిన పోయేవాళ్లు ఒక్క టిక్కీ అయినా దించకుండా పోకూడదని ఇక్కడి పద్ధతట. ఇద్దరేసి చొప్పున ఎత్తి ఒడ్డుకి చేర్చడం మొదలెట్టారు. నేనూ ఒక చివర పట్టుకున్నాను. రెండడుగులకే నా చివర నేలకి తగిలింది. "నువ్వు వదిలెయ్యి పిన్నీ, నీతో మాకు రెండు బరువులు" అంది నా జతకత్తె. న్యాయమైన మాట.

ఆ పని పోయాక నాకు సరిపోయే పని దొరికింది. వెల్డింగు మెరుపు మొదలైతే చాలు, మోసేవాళ్లంతా ఆగి అటే చూస్తున్నారు. ఆ వెలుగు చూస్తే రాత్రికి కళ్లలో ఇసుక పోసినట్టుంటుంది. ఉన్నది ఒక్క ముసుగు, అది మా ఆయన మొహం మీద ఉంది.

"అటు తిరగండి. ఏమే, నీకే చెప్పేది. కళ్లు కావాలా వద్దా?"

"ఏంది, ఈమె టీచరా?" అని ఎవరో అన్నారు. కానీ తిరిగారు. మా ఆయన అతికినంతసేపూ, నేను "ఆఁ" అన్నప్పుడల్లా వాగులో ఉన్న ప్రతి మనిషీ ఆయనకి వీపు పెట్టి, బస్తాతో సహా ఆగిపోవడం, "కానివ్వండి" అనగానే కదలడం. నా జీవితంలో నా మాట ఇంతమంది ఒకేసారి విన్న సందర్భం ఇంకోటి లేదు.

ఒక నిప్పురవ్వ వెళ్లి చిరిగిన టిక్కీ మీద పడింది. నాలుగు కాయలు మాడాయేమో, అంతే. ఆ పొగకి వాగంతా దగ్గింది. మా ఆయన ముసుగులోపల తుమ్మిన తుమ్ముకి అతుకు వంకరపోయింది.

ఒక గీత పోయింది. ఆఖరి గీత మిణుకుమంది. మూడోవంతు కడ్డీ ఇంకా ఉండగానే మిషను ఆగిపోయింది. మా ఆయన ముసుగు ఎత్తి, సుత్తితో పెంకు రాల్చి, అతుకుని చూసుకున్నారు. "అందంగా లేదు" అన్నారు.

"పెళ్లిచూపులా?" అన్నాను. "పడిందా లేదా?"

"పడింది. ఎంత మోస్తుందో చెప్పలేను."

సగం బస్తాలు ఒడ్డెక్కాయి. కోటయ్య ట్రాక్టరు తగిలించి, పైన గొలుసు కూడా చుట్టి, మెల్లిగా లాగాడు. ట్రక్కు గుంజింది, మూలిగింది, ఇసుక వదిలింది. చక్రాలు ఒడ్డు ఎక్కాయి. ఆటో ఆడవాళ్లు కొంగులు దులుపుకుని, మళ్లీ టిక్కీలు ట్రక్కులోకి ఎత్తే పనిలో పడ్డారు. అది సగంలో ఉండగానే వాగు వచ్చింది. పుల్లలూ నురగా తోసుకుంటూ, మట్టిరంగులో, మేం నిలబడ్డ ఇసుకంతా నింపుకుంటూ. టైరు కింద నలిగిన నిమ్మకాయ తొక్క కూడా అందులో పోయింది.

కరుణమ్మ ఒడ్డున కూర్చుని ఆ నీళ్ల వైపు చూసింది. తర్వాత అచ్చం మా అత్తగారి ధోరణిలో ఒక మాట అంది: "రొట్టెలు చల్లారిపోయాయి. లెగండి."

కరుణమ్మ ఇల్లు

జీపు కదలదు గనక ఆ రాత్రి అక్కడే. అడగాల్సిన పని పడలేదు. కోడిని కోశారు. జొన్నరొట్టె, కోడికూర, పండుమిరప పచ్చడి. నేను పచ్చడి వద్దన్నాను. నా పళ్లెంలో మజ్జిగ పోసిన గిన్నె, దాని పక్కన అంత పచ్చడి కూడా పడ్డాయి. "మందు ఇచ్చి రోగం ఇస్తన్నామనుకో" అంది ముసలావిడ.

"దేవుడు పంపించాడు మిమ్మల్ని" అంది కరుణమ్మ.

నాకు ఇలాంటివి గొంతులో దిగవు. "దేవుడు కాదమ్మా, ఈయన దుబారా. ఏసీ కొనమంటే ఈ డబ్బా కొన్నారు. నా మాట విని ఉంటే మేమిక్కడ ఉండేవాళ్లం కాదు, మీ కొక్కెం విరిగే ఉండేది."

"అదేగా అక్కా నేననేది. నీ మాట ఇననియ్యలేదు దేవుడు."

ముప్పై ఏళ్లుగా వాదిస్తున్నదాన్ని, మజ్జిగ గిన్నె ఎత్తి తాగాను. మా ఆయన రొట్టె మీద వంగి కూర్చున్నారు, కానీ భుజాలు కదులుతున్నాయి. ఆ పూట నవ్వనిచ్చాను.

మాచర్ల దారి

పొద్దున్న కూడా కరెంటు రాలేదు. మాచర్లలో మిరపకాయలకి లారీ వస్తుంది, జీపుకి షాపు దొరుకుతుంది. కోటయ్య ట్రక్కు వెనక జీపుని గొలుసుతో కట్టాడు. ముందు ట్రాక్టరు, మధ్యలో కరుణమ్మ పంట, వెనక మేం. పగిలిన బిళ్లని తాడుతో బిగించాం, నడక వేగంతో లాగితే పర్వాలేదన్నారు మా ఆయన. స్టీరింగు నా చేతికిచ్చి ఆయన ట్రాక్టరు మడ్‌గార్డు మీద, అతుకు కనిపించేలా వెనక్కి తిరిగి కూర్చున్నారు.

మెయిన్ రోడ్డు ఎక్కే ముందు ఒక గట్టు ఉంది. నిటారుగా, గులకరాళ్లతో. దాని కింద కోటయ్య ఆపి దిగాడు.

"అమ్మాయ్ కరుణా, చూడు. ట్రక్కొక్కటైతే ఎక్కిద్ది. జీపుతో కలిపి అంటే ఆ అతుకు మీద చానా బరువు. తెగితే ట్రక్కు ఎనక్కొచ్చి జీపు మీద పడిద్ది. జీపు ఈడ వదిలేసి, నీ మిరక్కాయలు దించుకున్నాక మళ్లా వస్తా. సరుకు నీది, నువ్వు చెప్పు."

అది సరైన మాటే. నేను కూడా వదిలెయ్యమనే అన్నాను. మళ్లీ వస్తాడా అంటే, లారీ లోడు అయ్యేసరికి సాయంత్రం అవుతుంది, వాన మళ్లీ పడితే రేపు అవుతుంది. అయినా ఆమె పంటని రెండోసారి పందెం కాయమని నేనెలా అడుగుతాను?

కరుణమ్మ అంతవరకూ ట్రాక్టరు మీద, మా ఆయనకి అవతలి పక్క మడ్‌గార్డు మీద కూర్చుని ఉంది. దిగింది. వంగి అతుకుని చూసింది, చెయ్యి వేసి తడిమింది. మా ఆయన్ని అడగలేదు, నన్నూ అడగలేదు.

"కొక్కేనికి గొలుసు ఇంకో చుట్టు ఎయ్యి కోటన్నా" అంది.

"ఏసి?"

"ఏసి ఎక్కించు."

"తెగితే?"

ఆమె మడ్‌గార్డు దగ్గరికి తిరిగి వెళ్లలేదు. ట్రక్కు చక్రం మీద కాలు పెట్టి బస్తాల పైకెక్కి, తెగితే ముందు తనే దొర్లిపడే చోట, నాకు ఎదురుగా కూర్చుంది.

కోటయ్య ఏదో గొణిగి గేరు వేశాడు. గొలుసు బిగుసుకుంది, జీపుని ముందుకి గుంజింది. గట్టు ఎక్కుతున్నంతసేపూ నేను ఆ అతుకు వైపు చూడలేదు. అక్కణ్ణుంచి కనిపించదు కూడా. కరుణమ్మనే చూస్తూ స్టీరింగు పట్టుకున్నాను. ఆమె కొంగు నెత్తి మీదికి లాక్కుంది. అత్త కట్టిచ్చిన రొట్టెల గుడ్డమూట విప్పింది. మాచర్ల రోడ్డు కంటపడేదాకా, ఎండలో ఎర్ర బస్తాల మీద, కాళ్లు వేలాడేసి, రొట్టె తుంచుకుని నింపాదిగా నములుతూనే ఉంది.